తొలిచెయ్యి

మూడోనాటి పొద్దున అట్టల మీద గుడ్లు రంగు తిరిగి ఉన్నాయి. లేత పసుపుగా ఉండాల్సినవి ఇటుకపొడి చల్లినట్టు కనిపించాయి. మొదటి అట్ట బయటికి తీసింది గంట. వీధి చివరిదాకా వినపడే గొంతు కాబట్టి ఆమెకు ఆ పేరు పడింది. అలాంటి మనిషి నోరు మెదపకుండా రెండో అట్ట తీసింది, మూడోది తీసింది, అరలో అడుగు వరస దాకా వంగి చూసింది. తర్వాత నడుం నిలబెట్టి, వెనక్కి తిరిగి, అందరూ కుంపటి అని పిలిచే మనిషి చేతులవైపు చూసింది.

అది పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రం. గూడు తొలుచుకుని బయటికొచ్చే తెల్లటి రెక్కలపురుగును అక్కడ చిలక అంటారు. పొద్దున్నే ఆడచిలకనూ మగచిలకనూ జత కలపడం, మధ్యాహ్నానికి విడదీయడం, ఆడదాన్ని అట్ట మీద ఉంచి నల్లగిన్నె బోర్లించడం ఆ గదిలో ఆడవాళ్ళ పని. గిన్నె కింద చీకట్లో తెల్లారేసరికి చిలక గుడ్లు పెట్టేస్తుంది. అవి పసుపుగానే ఉంటే పదిరోజులకు పగిలి పురుగు వస్తుంది. ఎర్రబడి, ఆపైన నల్లబడ్డాయంటే అవి నిద్రగుడ్లు. చచ్చినవేం కావు, కాకపోతే ఒక చలికాలం గడిస్తేగాని కళ్ళు తెరవవు. తోటలో ఆకు కోతకొచ్చి, తట్టలు కడిగి ఆరబెట్టుకుని, పురుగు కోసం కాచుకు కూర్చున్న రైతుకు మాత్రం నిద్రగుడ్డుకీ చచ్చినగుడ్డుకీ తేడా ఏముంది?

ప్రతి పంటకీ మొదటి చిలకను అట్ట మీద పెట్టే మనిషి ఒకరే ఉంటారు. ఆ మనిషిని తొలిచెయ్యి అంటారు. ఆ చెయ్యి మంచిదైతే తర్వాత ఎవరు పెట్టినా పంట నిలుస్తుందనీ, కాకపోతే ఎవరు పెట్టినా నిలవదనీ నమ్మకం. ఇన్‌ఛార్జి సారు దీన్ని నమ్మడు, అలాగని అడ్డూ చెప్పడు. ఇరవయ్యేళ్ళకు పైగా ఆ తొలిచెయ్యి అత్తది. గదిలో అందరికీ ఆమె పెద్దక్క, కుంపటికి ఒక్కదానికే అత్త. వేళ్ళు వణుకుతున్నాయని ఈ పంటకు ఆమె తనంతట తానే కోడల్ని ముందుకు నెట్టి, "నా చెయ్యి దీనికిస్తున్నాను" అని అందరి ముందూ చెప్పింది. ఆ సాయంత్రం కుంపటి కాళ్ళు నేలమీద ఆనలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్త నోట అంత మంచి మాట అదే మొదటిది మరి.

కుంపటి అన్న పేరు కూడా ఆ గదిలోనే పుట్టింది. ఆమె అరచేతులు ఏ కాలంలోనైనా వెచ్చగా ఉంటాయి. చలిరోజుల్లో పనికి కూర్చునేముందు ఆడవాళ్ళు వరసకట్టి ఆ చేతులు పట్టుకునేవాళ్ళు. నీ మొగుడికి దుప్పటి ఖర్చు మిగిలిందే అని గంట ఏడిపించేది. ఈ రెండేళ్ళుగా ఎవరికీ ఆ అవసరం పడలేదు. చలికాలం వస్తుందని చెప్పి రాకుండా పోతోంది, అప్పు తీసుకున్నవాడిలాగా.

"వేడి చెయ్యి," అన్నారెవరో వెనకనుంచి. కుంపటి తిరిగి చూడలేదు.

సారు వచ్చి భూతద్దం పెట్టి చూశాడు. ఇలాంటి గుడ్లను మందునీళ్ళలో ముంచి నిద్రలేపే పద్ధతి ఒకటుంది గాని, దాని గడువు పెట్టిన మర్నాడే దాటిపోయింది. పసుపుగా ఉంటాయన్న ధీమాతో ఎవరూ ఆ ఆలోచనే చెయ్యలేదు. చేతి వేడికి గుడ్డు రంగు మారదనీ, కారణం వేరే ఏదో ఉందనీ, తాను కనుక్కుంటాననీ ఆయన చెప్పాడు. అందరూ తలూపారు. ఆ తర్వాత గిన్నెలు అందించబోతే కుంపటి చేతిలోంచి ఒక్కరూ అందుకోలేదు, బల్ల మీద పెట్టమన్నారు. పెట్టింది. ఆమె చెయ్యి తీసేదాకా ఆగి తీసుకున్నారు.

మధ్యాహ్నం సారు ఆమెను పక్కకు పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా తట్టలు కడిగే చోట ఉండమన్నాడు. శిక్ష కాదమ్మా అన్నాడు. కుంపటి అత్తవైపు చూసింది. అత్త గూళ్ళకున్న పైపీచు ఒలుస్తోంది. ఆమె తల ఎత్తలేదు.

*

కుంపటి భర్త కేంద్రం బండి నడుపుతాడు. మామూలుగా గుడ్ల అట్టలు రైతులకు చేరవేసేవాడు, ఆ రోజు గుడ్లు లేవన్న కబురు చేరవేశాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతులన్నీ కంచంలోకి చూస్తూ చెప్పాడు. ఒకాయన తిట్టాడట. ఒకామె తలుపు తియ్యలేదట. ఇంకొక ముసలాయన మాత్రం చెయ్యి పట్టుకుని తోటంతా తిప్పి, అరచెయ్యంత ఆకు చూపించి, మేకలకు వేస్తాంలే, మేకలేం పాపం చేశాయి అన్నాడట. తిట్టినవాడే నయమనిపించిందని భర్త అన్నాడు.

కుంపటి ముద్ద కలిపి అలాగే కూర్చుంది. పొద్దుటినుంచీ ఒకే ఒక్క మాట కోసం చూస్తోంది. గదిలో వాళ్ళు ఏమనుకున్నా, తనకు ఆ చెయ్యి ఇచ్చిన మనిషి కాదంటే చాలు.

"మీరు చెప్పండి అత్తయ్యా. నా చెయ్యి వల్లేనా?"

అత్త నమిలేది మింగేదాకా ఆగింది.

"ఇరవయ్యేళ్ళలో నా చేతి మీద ఒక్క పంట పోలేదు. అంతకు మించి నాకేం తెలీదు."

కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. భర్త ఏదో సర్దిచెప్పబోయాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట దొరకని మగవాళ్ళందరిలాగే అతనూ మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు. కుంపటి పెరట్లోకి వెళ్ళి తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచింది. ఆ తొట్టిలో నీళ్ళూ గోరువెచ్చగానే ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉంచింది. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

*

కడిగే చోటు గది వెనకాల, రేకుల కింద ఉంటుంది. చిలకలు ఉచ్చపోసిన గోధుమరంగు మరకలు అట్టకట్టిన తట్టలు అక్కడ గుట్టగా పడి ఉంటాయి. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, కొబ్బరిపీచు బ్రష్షుతో రుద్ది, ఎండకేసి నిలబెట్టాలి. ఆ నీళ్ళ ఘాటుకు కళ్ళు వాటంతటవే కారతాయి. కాబట్టి అక్కడ ఏడ్చినా ఎవరికీ తెలీదు. అదొక్కటే ఆ పనిలో సుఖం.

కిటికీ జాలీలోంచి గదిలోపల కనిపిస్తుంది. అదే వంశంలో ఇంకొక విడత గూళ్ళు మిగిలి ఉన్నాయి, మర్నాడు పొద్దున చిలకలు బయటికొస్తున్నాయి. వాటికి తొలిచెయ్యి తానే పెడతానని అత్త ప్రకటించింది. ఆ మాటకు గదిలో అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. సారు మాత్రం ఆగమన్నాడు. ఈ విడతను మందునీళ్ళలో ముంచేద్దామన్నాడు. తీరా చూస్తే ఆ నీళ్ళలో కలిపే ఆసిడ్ డబ్బాలు అడుగంటి ఉన్నాయి, పైవాళ్ళు పంపాల్సినవి రాలేదు. ఇక చేసేదేమీ లేక ఊరుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కుంపటి బ్రష్షు పట్టుకుని నిలబడి చూసింది. అత్త చిలకను రెక్కల మొదట్లో పట్టుకుంది. వేళ్ళు వణికాయి. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని వణుకు ఆపి, చిలకను అట్ట మధ్యలో దించి, గిన్నె బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. అత్త ఓడిపోవాలని కుంపటికి ఒక్క క్షణం గట్టిగా అనిపించింది. ఆ వెంటనే రైతు చూపించిన ఆకు గుర్తొచ్చి సిగ్గుపడింది. అయినా ఆ కోరిక పూర్తిగా పోలేదు.

ఆ సాయంత్రం చలిగది బాబాయి తట్టల దగ్గరికొచ్చి గట్టుమీద కూర్చున్నాడు. తల్లిగుడ్లు, అంటే రాబోయే పంటకు చిలకలయ్యే గుడ్లు, ఉంచే చలిగదికి ఆయనే కాపలా. ఎండాకాలంలో కూడా స్వెటర్ భుజాన వేసుకుని తిరిగేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. ఈమధ్య ఆ స్వెటర్ కనిపించడం లేదు.

ఆయన చుట్టూ తిప్పకుండా చెప్పేశాడు. కిందటి విడత తల్లిగుడ్లు చలిగదిలో ఉన్నప్పుడు బయట ఎండ మండిపోయింది, మిషను ఉబ్బసపు రోగిలా రొప్పింది గాని లోపల వేడి చూపే ముల్లు దిగలేదు. తడిగోతాలు కప్పాడు, మంచుగడ్డలు మోసుకొచ్చాడు. గుడ్లు ఉడికిపోతాయనే అనుకున్నాడు. తీరా చూస్తే ఒక్కటి పోకుండా పురుగు బ్రహ్మాండంగా వచ్చింది, బాగా తిన్నది, గూళ్ళు కట్టింది. గండం గడిచిందని సారూ తనూ టీ తాగి సంబరపడ్డారు. ఆ ఆడపురుగులే ఇప్పుడు గుడ్లు పెట్టిన చిలకలు.

"వాటికేం కాలేదమ్మా. పిల్లలకి తగిలిందేమోనని సారు అనుమానం. పుస్తకాలు తిరగేస్తున్నాడు."

ఈ మాట గదిలో ఎందుకు చెప్పలేదని కుంపటి అడిగింది. ఆయన భుజం తడుముకున్నాడు. సారు ఖాయంగా తేల్చేదాకా ఆగమన్నాడట. పైగా చలిగది పని చెయ్యదంటే ముందు పోయేది తన కొలువేనట. ఆ నిజాయితీకి ఆమెకు కోపం కూడా సరిగ్గా రాలేదు. బ్రష్షు నీళ్ళలో పడేసి, ముఖం కొంగుతో తుడుచుకుంది. బ్లీచింగ్ నీళ్ళ ఘాటు కళ్ళలోకి ఇంకా ఎక్కింది.

*

అత్త పెట్టిన అట్టలు కూడా మూడోరోజుకు ఇటుక రంగు తిరిగాయి.

అత్త ఒక అట్ట పట్టుకుని కిటికీ వెలుతురులోకి వెళ్ళి నిలబడింది. కంటిచూపు తప్పిందేమోనని చూసుకుంటున్నట్టు దాన్ని దగ్గరికీ దూరానికీ జరిపింది. గదిలో ఒకామె, ఒకే పొయ్యి మీద వండుకు తినే చేతులు కదా, అంటుకోదా అంది. ఇరవయ్యేళ్ళ పేరు అంత తేలిగ్గా పోయింది. అత్త ఆ మాట విననట్టే అట్టను అరలో పెట్టి, ముక్కాలిపీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

అప్పుడు సారు అందరినీ పిలిచాడు. కడిగే చోటునుంచి కుంపటిని కూడా రమ్మన్నాడు. ఆయన ఉపన్యాసాలిచ్చే రకం కాదు. బల్ల అంచున ఆనుకుని, అట్ట ఒకటి చేతిలో పట్టుకుని చెప్పాడు.

"ఆడపురుగు గుడ్డుగా ఉన్న రోజుల్లో చలి తగిలితే, అది పెద్దయ్యాక పెట్టే గుడ్లు వెంటనే పగులుతాయి. ఆ రోజుల్లో వేడి తగిలితే నిద్రగుడ్లు పెడుతుంది. దానికి మాత్రం ఏ జబ్బూ ఉండదు. దెబ్బ తల్లికి తగిలింది, వాత పిల్లల మీద తేలింది. ఇందులో ఎవరి చెయ్యీ లేదమ్మా."

విత్తనం మారలేదనీ, వంశం మారలేదనీ, ఆ వంశంలో రెండు దారులూ ఎప్పుడూ ఉన్నాయనీ, ఏ దారిన పోవాలో చెప్పే గుర్తు మాత్రం గుడ్డులో ఉండగా పడుతుందనీ వివరించాడు. కన్నతల్లి పిల్లల్ని ఎందుకలా నిద్రపుచ్చుతుందని గంట అడిగింది. వేసవి చూసిన తల్లి, ఇక ముందొచ్చేది చలికాలమేనని లెక్క వేసుకుంటుందట. ఆకు దొరకని రోజుల్లో పుట్టి చావకుండా వాటిని పడుకోబెడుతుందట. ఎన్నో వేల ఏళ్ళు ఆ లెక్క తప్పలేదట. ఇప్పుడు ఎండ తనది కాని నెలల్లోకి వచ్చి కూర్చుంటోంది.

"తల్లి మంచికే చేసింది," అన్నాడు సారు. "మాట తప్పింది కాలం."

కుంపటి గోడకు ఆనుకుంది. నా చెయ్యి కాదు, నా చెయ్యి కాదు అని లోపల ఒకటే పాట. గట్టిగా నవ్వాలనిపించింది. ఎవరైనా వచ్చి చేతులు పట్టుకుంటారేమోనని చూసింది. ఎవరూ ఆమెవైపు చూడటం లేదు. సారు ఇంకా చెబుతున్నాడు.

ఈ సంగతి ఉన్నదున్నట్టు పైకి రాస్తే ఏమవుతుందో ఆయన దాచలేదు. పైవాళ్ళు ఎప్పటినుంచో ఈ తెల్లగూళ్ళ వంశాన్ని వదిలేసి, ఎండకు ఓర్చే పసుపుగూళ్ళ వంశానికి మారమంటున్నారు. దానికి చలిగది అక్కర్లేదు. అది వేరేచోట ఇప్పటికే తయారవుతోంది కాబట్టి ఈ కేంద్రమూ అక్కర్లేదు. పనిలో పొరపాటు జరిగిందంటే మనిషిని మార్చమంటారు, కాలం మారిందంటే తలుపులు మూయమంటారు. రిపోర్టు రేపు సాయంత్రానికి పోవాలని చెప్పి, ఇంకేమీ అనకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

*

దీపాలు పెట్టే వేళకు గదిలో ఆడవాళ్ళంతా కుంపటి ఇంటికొచ్చారు. ముందుగదిలో చాప మీద కొందరు, గడప మీద కొందరు కూర్చున్నారు. చలిగది బాబాయి గుమ్మం బయటే నిలబడ్డాడు. వాళ్ళు క్షమాపణ చెప్పడానికొచ్చారనుకుని కుంపటి టీ నీళ్ళు పెట్టింది. నిజానికి గంట మొదలుపెట్టింది కూడా అలాగే. తప్పయిపోయిందే, నోరు జారాం, నీ చెయ్యి బంగారం అంది. కుంపటి గ్లాసులు అందిస్తే అందరూ ఆమె చేతిలోంచే అందుకున్నారు.

టీ అయ్యాక కూడా ఎవరూ లేవలేదు. గంట ఖాళీ గ్లాసును అరచేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది. ఆ గొంతు అంత చిన్నగా పలకడం ఎవరూ వినలేదు.

"అది నీ చెయ్యేనని సారుతో చెప్పవే."

కుంపటికి అర్థం కాలేదు. ఇప్పుడే కదా కాదన్నారు అంది.

"కాదని మాకు తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నాం. నిన్న అడిగితే అది నింద."

మిగతాది తలా ఒక మాట వేసి చెప్పారు. ఒక్క మనిషి పొరపాటని రాస్తే ఆ మనిషిని ఒక పంట పాటు పనిలోంచి తీస్తారు, అంతే. కేంద్రం ఇంకో పంట నిలుస్తుంది. ఆ పంటలో తలా కొంచెం కూలి వేసుకుని ఆమె ఇంటికి పంపిస్తారు. ఈలోగా సారు మిషను బాగుచేయిస్తాడో, దేవుడు చల్లగా చూస్తాడో. ఒకామె కూతురి చదువు సంగతి చెప్పింది. ఇంకొకామె ఏమీ చెప్పలేదు, పొద్దున ఒకే పొయ్యి అన్న మనిషే ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కుంపటికి ఒళ్ళు మండింది. చెయ్యని తప్పుకు దూరం పెట్టారు, చెయ్యలేదని తేలాక ఒప్పుకోమంటున్నారు. ఆ మాటే అనేసింది. ఎవరూ కాదనలేదు. దాంతో ఆమె కోపానికి ఆనుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

లోపలిగది గుమ్మంలో అప్పటిదాకా నిలబడి వింటున్న అత్త బయటికొచ్చింది. బాబాయిని అడిగింది, వచ్చే పంటకు తల్లిగుడ్లు ఇప్పుడు ఎక్కడున్నాయని. చలిగదిలోనేనని ఆయన అన్నాడు. ముల్లు ఎక్కడుందని అడిగింది. ఆయన నేలచూపులు చూశాడు.

"అంటే వచ్చే పంటా నల్లబడేదే," అంది అత్త. "అప్పుడు ఎవరి చెయ్యి అంటారు?"

బయట ఏదో బండి వెళ్ళిపోయిన తర్వాత గంట గ్లాసు కింద పెట్టింది.

"నాది అంటాం. తిలాపాపం తలాపిడికెడు. ఈసారి దీనిది, వచ్చేసారి నాది."

ఆ తర్వాతది నాదనండి అంది కూతురు చదువుకుంటున్న మనిషి. కొంగు అడ్డం పెట్టుకున్న ఆమె చెయ్యి పైకెత్తింది. అలా ఒక్కొక్కరే ఎత్తారు, కొందరు ఆలస్యంగా, కొందరు పక్కవాళ్ళను చూసి. అది హాస్యమేమోనని కుంపటి వాళ్ళ మొహాలు వెతికింది. ఎవరూ నవ్వడం లేదు. ఇరవయ్యేళ్ళు హస్తవాసిని నమ్మిన గది, దాన్ని నమ్మడం మానేసిన రోజున ఇలా వంతులు వేసుకుంటోంది.

కుంపటి భర్తవైపు చూసింది. అతను ఏం చెప్పగలడు, అతని బండి కూడా ఆ కేంద్రానిదే. చివరికి ఆమె, సరే అంది. అన్నాక గంట దగ్గరికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. ఆ చేతులు ఎప్పటిలాగే వెచ్చగా ఉన్నాయి. కుంపటి వాటిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

*

సారు ఆమె చెప్పింది విని పెన్ను కింద పెట్టాడు. ఎవరు చెప్పమన్నారని అడగలేదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తెల్లవార్లూ రాసి చింపినట్టున్నాడు, బుట్టనిండా కాగితాలున్నాయి.

"మీకు తెలిసే చెబుతున్నారా అమ్మా?"

"నా చెయ్యి మొదటినుంచీ వేడే సార్. అందరికీ తెలుసు."

ఆయన కొత్త కాగితం తీసుకున్నాడు. ఆమె పూర్తి పేరు ఎలా రాయాలని అడిగాడు. ఇన్నేళ్ళలో ఎవరూ పిలవని ఆ పేరు కుంపటి అక్షరం అక్షరం చెప్పింది, ఆయన రాసుకున్నాడు. వద్దని అంటాడేమోనని ఆమె గుమ్మం దాకా ఆశపడింది. అనలేదు.

ఆ రోజు చివరి పనిరోజు కాబట్టి తట్టలు ముగించి వెళ్దామని వెనక్కి వెళ్ళింది. రేకుల కింద అత్త కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వణికే చేతులతో తట్ట రుద్దుతోంది. గదిలో అత్త పీట ఖాళీగా ఉండటం జాలీలోంచి కనిపిస్తోంది. కుంపటి ఇంకో బ్రష్షు తీసుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ చెరో తట్ట రుద్దారు. రేకు మీద ఎండ చిటపటమంది.

"ఆ రాత్రి నువ్వు అడిగినప్పుడు కాదని చెప్పాల్సింది," అంది అత్త, తట్టకేసే చూస్తూ.

కుంపటి చేతిలో బ్రష్షు ఆగింది. ఆ మాట అప్పుడు విని ఉంటే ఎంత బాగుండేదో, ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. కడిగిన తట్టను ఎండకేసి నిలబెట్టి వచ్చింది.

"మనమంతా కలిసి పదకొండు మందిమి అత్తయ్యా. ఏడాదికి మూడు పంటలు. చలి తిరిగొచ్చేదాకా సరిపోతామా?"

అత్త వేళ్ళమీద లెక్క వేసుకోలేదు.

"సరిపోం," అని ఇంకో తట్ట అందుకుంది.